పిల్లల సాఫ్ట్‌బాల్‌లో “డెడ్ బాల్” అనే మాట ఎవరిది, ఎప్పటిది?

తరువాత చదివేవారికి కూడా ఉపయోగపడుతుందని మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. టెక్సాస్‌లో మీ పాప పదేళ్లలోపు పిల్లల సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడుతోంది. లీగ్‌లో అంపైర్లు చాలక మీరు స్వచ్ఛందంగా చేరారు. గత శనివారం ఒకే మ్యాచ్‌లో మూడుసార్లు గొడవ జరిగింది. మొదట, నాలుగు బాల్స్ (కొట్టడానికి వీలైన పరిధికి బయట వేసిన బంతులు) పడి మొదటి బేస్‌కు వెళ్లిన బ్యాటర్ అక్కడ ఆగకుండా రెండో బేస్ వైపు పరుగెత్తింది. బంతి పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసే అమ్మాయి) చేతిలో ఉంది. ఫీల్డింగ్ జట్టు కోచ్ “డెడ్ బాల్”, అంటే బంతి ఇక ఆటలో లేదు, అని అరిచాడు, పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. రెండోసారి, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) విసిరిన బంతి మొదటి బేస్ వెనుక ఫెన్స్ దాటిపోయింది. ఎవరికి ఎన్ని బేస్‌లు ఇవ్వాలో మీ ఇద్దరు అంపైర్లకూ తేలలేదు. మూడోసారి, బ్యాటర్ నిలబడే ప్లేట్ వెనకున్న సీనియర్ అంపైర్ ఎడమ చెయ్యి పక్కకు చాచి పిడికిలి బిగించాడు కానీ ఆట ఆపలేదు. రన్నర్‌ను బంతితో తాకిన తరువాత ఆ పాపను అవుట్ చేయకుండా రెండో బేస్ ఇచ్చాడు. తల్లిదండ్రులు ఫెన్స్ దగ్గరకు వచ్చి అరిచారు. “డెడ్ బాల్ అసలు ఎవరి చేతిలో ఉంటుంది?” అని మీరు అడిగారు.

నేను అనంతపురంలో స్కూలు రోజుల్లో సాఫ్ట్‌బాల్ ఆడాను. అమెరికాకు వచ్చాక పద్నాలుగు సీజన్లుగా పిల్లల మ్యాచ్‌లకు అంపైరింగ్ చేస్తున్నాను. మీరు చెప్పిన మూడు సంఘటనలూ నా ఎదుట ఎన్నోసార్లు జరిగాయి. మన తెలుగు తల్లిదండ్రులు కొత్తగా అంపైరింగ్‌కు వచ్చినప్పుడు తడబడేది కూడా సరిగ్గా ఈ మూడింటి దగ్గరే. అందుకు కారణం క్రికెట్ అని నా అభిప్రాయం.

క్రికెట్ చూస్తూ పెరిగిన మనకు బంతి దానంతటదే చల్లారిపోతుందని ఒక నమ్మకం ఉంటుంది. అక్కడ అది నిజమే. క్రికెట్ నియమాల్లో 20వది డెడ్ బాల్ గురించే. బంతి వికెట్ కీపర్ చేతిలోనో బౌలర్ చేతిలోనో చివరికి కుదురుకుంటే డెడ్. బౌండరీ దాటితే డెడ్. బ్యాటర్ అవుటైతే డెడ్. ఇరుపక్షాలూ ఇక ఆట అయిపోయిందని భావిస్తున్నట్టు అంపైర్‌కు స్పష్టంగా కనిపిస్తే అప్పుడూ డెడ్. అంటే ఆటగాళ్ల మనసులో ఉన్నదానికి కూడా అక్కడ విలువ ఉంది. అక్కడ కూడా ఈ నమ్మకం ముంచిన రోజులున్నాయి. 2023 యాషెస్‌లో లార్డ్స్ టెస్టు చివరి రోజున ఇంగ్లండ్ బ్యాటర్ బెయిర్‌స్టో బంతిని వదిలేసి, ఓవర్ అయిపోయిందనుకుని క్రీజు దాటి నడిచాడు. కీపర్ క్యారీ బంతి అందుకున్న వెంటనే వికెట్లకు విసిరాడు, బెయిర్‌స్టో అవుటయ్యాడు. బంతి డెడ్ అయిందని బ్యాటర్ ఒక్కడే అనుకుంటే సరిపోదని ఆ రోజు ప్రపంచమంతా చూసింది.

సాఫ్ట్‌బాల్ ఇంకా కఠినంగా ఉంటుంది. ఇక్కడ బంతి ప్లేట్ వెనుక కూర్చునే క్యాచర్ గ్లవ్‌లో ఉన్నా, పిచర్ చేతిలో ఉన్నా, ఒక రన్నర్ అవుటైనా, ఎవరూ కదలకుండా నిలబడినా, అది ఆటలోనే ఉంటుంది. నియమాల్లో రాసిన ఫలానా సంఘటన జరగాలి, లేదా అంపైర్ టైమ్ (ఆటకు విరామం) ఇవ్వాలి. ఆ రెండూ కానంతవరకు బంతి బతికే ఉంది. ఈ ఒక్క తేడా మనసులో కుదిరితే మిగతా అన్నింటికీ దారి దొరుకుతుంది. ఇంకొక చిన్న విషయం. మన స్కూళ్లలో పీఈటీ సారు ఈల వేస్తే ఆట ఆగేది. సాఫ్ట్‌బాల్ అంపైర్‌కు ఈల లేదు. ఉన్నవి గొంతు, రెండు చేతులు మాత్రమే. పదేళ్ల పిల్లలు ఆ చేతుల వైపు చూడడం నేర్చుకోలేదు కాబట్టి పక్కనుంచి వినిపించిన పెద్ద గొంతుకే ఆగిపోతారు.

ఇక మీ మొదటి సంఘటన. ఫాస్ట్‌పిచ్ (బంతిని వేగంగా వేసే) సాఫ్ట్‌బాల్‌లో నాలుగో బాల్ పడ్డాక కూడా బంతి ఆటలోనే ఉంటుంది. బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితంగా వచ్చింది కాబట్టి అక్కడితో అంతా అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆ పాప మొదటి బేస్‌ను తాకి, ఆగకుండా రెండో బేస్‌కు వెళ్లవచ్చు. అది ఆమె హక్కు, ప్రమాదమూ ఆమెదే. మూడో బేస్‌లో రన్నర్ ఉన్నప్పుడు కోచ్‌లు కావాలనే ఇలా పంపిస్తారు. బంతిని రెండో బేస్‌కు విసిరితే మూడో బేస్ నుంచి ఇంకొక పాప హోంకు, అంటే బ్యాటర్ నిలబడే ప్లేట్‌కు, పరుగు తీస్తుంది. పదేళ్ల పిచర్‌కు ఎటు విసరాలో తోచదు. చూసేవారికి అన్యాయంగా కనిపించవచ్చు కానీ నియమానికి విరుద్ధం కాదు.

బంతి పిచర్ సర్కిల్‌లో ఉంటే ఏమవుతుందన్నది ఇక్కడ అసలు చిక్కుముడి. పిచర్ నిలబడే పిచింగ్ ప్లేట్ చుట్టూ ఎనిమిది అడుగుల వ్యాసార్ధంతో సుద్దతో గీసిన వలయం అది. బంతి పిచర్ చేతిలో ఆ వలయంలోకి రాగానే ఆట ఆగిందని సగం మంది కోచ్‌లు నమ్ముతారు. ఆట ఆగదు. ఆగాల్సింది రన్నర్ల ఊగిసలాట. బ్యాటర్ మొదటి బేస్‌కు చేరుకుని, బంతి సర్కిల్‌లో పిచర్ దగ్గర ఉన్నప్పుడు, బేస్ వదిలి ఉన్న ప్రతి రన్నరూ వెంటనే ముందుకో వెనక్కో వెళ్లాలి. పరుగులో ఉన్న అమ్మాయి ఒక్కసారి ఆగవచ్చు. ఆగిన వెంటనే ఏదో ఒక వైపు కదలాలి. అక్కడే నిలబడి పిచర్‌ను ఊరిస్తూ ఉంటే, లేదా బేస్‌కు తిరిగి వచ్చి మళ్లీ వదిలితే, అప్పుడు బంతి డెడ్ అవుతుంది, ఆ రన్నర్ అవుట్. పిచర్ ఎవరినైనా అవుట్ చేయబోయినా, విసరబోతున్నట్టు చెయ్యి ఎత్తినా రన్నర్ల మీద ఈ కట్టుబాటు తొలగిపోతుంది. ఆంగ్లంలో దీన్ని ‘లుక్ బ్యాక్ రూల్’ అంటారు.

ఆ నియమాన్ని మీ సంఘటనకు అన్వయించి చూడండి. పాప మొదటి బేస్ తాకి ఒకే ఊపులో రెండో బేస్ వైపు వెళ్లి ఉంటే సరైన ఆటే. మొదటి బేస్ మీద ఆగి, పిచర్ సర్కిల్‌లో బంతితో ఉన్నప్పుడు మళ్లీ బయలుదేరి ఉంటే అవుట్. ఈ రెండింటిలో ఏది జరిగిందో చూడడానికి బేస్ అంపైర్ కళ్లు పిచర్ మీద కాకుండా మొదటి బేస్ మీద ఉండాలి. ఇక కోచ్ అరుపు సంగతి. డెడ్ బాల్ ప్రకటించే అధికారం కోచ్‌కు లేదు. ఆ అరుపుకు మీరు లోబడితే తరువాతి మ్యాచ్ నుంచి ప్రతి కోచ్ అరుస్తాడు. ఆట దానంతటది కుదుటపడనివ్వండి. రన్నర్లు ఆగాక టైమ్ ఇచ్చి, ఆ కోచ్ దగ్గరకు నడిచి వెళ్లి, పిల్లలకు వినిపించనంత మెల్లగా “ఆ మాట అంపైర్లది, మరోసారి అనకండి” అని చెప్పండి. రెండోసారి కూడా అరిస్తే అది పొరపాటు కాదు, క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తన. దానికి తగినట్టే వ్యవహరించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎనిమిదేళ్లలోపు, పదేళ్లలోపు లీగ్‌లు చాలావరకు తమ సొంత నియమాలు పెట్టుకుంటాయి. బంతి సర్కిల్‌లోకి రాగానే ఆట ఆగుతుందనీ, నాలుగో బాల్ తరువాత రెండో బేస్‌కు వెళ్లకూడదనీ, మూడో స్ట్రయిక్‌ను (బ్యాటర్ కొట్టలేకపోయిన మంచి బంతిని) క్యాచర్ జారవిడిచినా బ్యాటర్ అవుటేననీ రాసుకున్న లీగ్‌లు ఉన్నాయి. ఆ కోచ్ అలాంటి లీగ్ నుంచి వచ్చి మనస్ఫూర్తిగానే అరిచి ఉండవచ్చు. కాబట్టి ముందుగా మీ లీగ్ ఏ పుస్తకం ప్రకారం ఆడుతోందో తెలుసుకోండి. యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ ఒకటి. 2017 వరకు దాన్ని ఏఎస్ఏ అనేవారు, పాత కోచ్‌లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. లిటిల్ లీగ్‌కు వేరే పుస్తకం, హైస్కూళ్లకు వేరే పుస్తకం. ఆ పుస్తకం మీద మీ లీగ్ అతికించిన సొంత నియమాల కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి. నేను ఇక్కడ చెబుతున్నది ప్రధానంగా యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ పద్ధతి.

రెండో సంఘటన తేలికైనది, కానీ దాని చుట్టూ అల్లుకున్న అపోహ మొండిది. విసిరిన బంతి ఫెన్స్ దాటినా, డగౌట్‌లోకి (ఆటగాళ్లు కూర్చునే చోటికి) వెళ్లినా, మైదానం హద్దుగా గీసిన సుద్ద గీత అవతల పడినా ఆ క్షణమే డెడ్. ప్రతి రన్నర్‌కూ రెండు బేస్‌లు. ఎక్కడి నుంచి రెండు? బంతి ఫెన్స్ దాటినప్పుడు వాళ్లు ఉన్న చోటు నుంచి కాదు. ఫీల్డర్ చెయ్యి వదిలిన క్షణంలో వాళ్లు చివరిగా తాకిన బేస్ నుంచి. “వెళ్తున్న బేస్ ఒకటి, పైన ఇంకొకటి” అని మైదానంలో ప్రతివారూ చెప్పే సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు. చాలాసార్లు రెండు లెక్కలూ ఒకే చోటికి వస్తాయి కాబట్టి ఆ సూత్రం ఇంతకాలం నిలిచింది. రన్నర్ వెనక్కి వస్తున్నప్పుడు విసిరిన బంతి బయటికి పోతే దాని బండారం బయటపడుతుంది.

మీ మ్యాచ్‌లో షార్ట్‌స్టాప్ బంతి వదిలేటప్పటికి బ్యాటర్ ఇంకా మొదటి బేస్ చేరలేదు అనుకుందాం. ఆమెకు రెండో బేస్. మొదటి బేస్ నుంచి బయలుదేరిన అమ్మాయి అప్పటికి దారిలోనే ఉంటే మూడో బేస్. అప్పటికే రెండో బేస్‌ను తాకి ఉంటే హోం. అందుకే షార్ట్‌స్టాప్ చేతిలో బంతి ఉన్నప్పుడు బేస్ అంపైర్ ఒక్క క్షణం రన్నర్ల స్థానం మనసులో ఫోటో తీసుకోవాలి. బంతి వెంట చూపు పరుగెత్తితే ఆ ఫోటో దొరకదు. ఇద్దరు అంపైర్లు ఉన్నప్పుడు ఎవరు బంతిని చూడాలో, ఎవరు రన్నర్లను చూడాలో మ్యాచ్ ముందే అనుకోవాలి. పిచర్ వేసిన బంతి, అంటే పిచ్, బయటికి పోతే లెక్క వేరు. అప్పుడు రన్నర్లకు ఒక్క బేస్ మాత్రమే.

ఫెన్స్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పార్కుల్లోని మైదానాల్లో సగానికి సగం గొడవలు ఫెన్స్ చిరుగుల దగ్గర పుడతాయి. గేటు తెరిచి ఉంటుంది, ఫెన్స్ కింద కుక్క దూరేంత సందు ఉంటుంది, డగౌట్ ముందు కడ్డీ ఉండదు. మ్యాచ్‌కు ముందు ఇద్దరు కోచ్‌లను ప్లేట్ దగ్గరకు పిలిచినప్పుడు చెయ్యి చాపి చూపించండి. “ఈ గీత దాటితే డెడ్. ఆ గేటు మూసేయండి. ఫెన్స్ కింద ఇరుక్కుంటే డెడ్.” రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలను నేను ఎంత ఎండలోనూ వదలను.

మూడో సంఘటనలో ఆ సీనియర్ అంపైర్ చేసింది నూటికి నూరుపాళ్లు సరైనది. ఎడమ చెయ్యి భుజం ఎత్తులో పక్కకు చాచి పిడికిలి బిగించడం ‘డిలేడ్ డెడ్ బాల్’ సంకేతం. ఏదో తప్పు జరిగింది, నేను చూశాను, కానీ ఆట ముగిసేదాకా ఆపను అని దాని అర్థం. చేతిలో బంతి లేని ఫీల్డర్, కొట్టిన బంతిని అందుకునే ప్రయత్నంలో కూడా లేని ఫీల్డర్, రన్నర్ దారికి అడ్డు నిలిస్తే అది అబ్‌స్ట్రక్షన్. మీ రెండో బేస్ అమ్మాయి బంతి కోసం ఎదురుచూస్తూ దారిలో నిలబడి ఉంటుంది. చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు, ఈ వయసులో ఎవరికీ ఉండదు. అయినా అడ్డు అడ్డే. ఏ రెండు బేస్‌ల మధ్య ఒక రన్నర్‌కు అడ్డు తగిలిందో ఆ రెండింటి మధ్య ఆమెను అవుట్ చేయడం కుదరదు. అడ్డు లేకపోతే ఎంతవరకు చేరేదో అంపైర్ అంచనా వేసి ఆ బేస్ ఇస్తాడు. బంతితో తాకారు కాబట్టి ఆ క్షణంలో రెండు చేతులూ ఎత్తి డెడ్ బాల్ ప్రకటించి, ఆమెకు రెండో బేస్ ఇచ్చాడు. పిడికిలి బిగించినంతసేపూ బంతి ఆటలోనే ఉందని ఫెన్స్ బయట ఉన్నవారికి ఎవరూ చెప్పలేదు. ‘చూసి కూడా ఊరుకున్నాడు, తరువాత మనసు మార్చుకున్నాడు’ అని వారికి అనిపించింది.

వెంటనే ఎందుకు ఆపకూడదు అన్న అనుమానం మీకు రావచ్చు. దానికి నా దగ్గర ఒక జ్ఞాపకం ఉంది. రెండో సీజన్‌లో, పన్నెండేళ్లలోపు మ్యాచ్. రెండో బేస్‌లో ఒక రన్నర్ ఉంది. బ్యాటింగ్‌కు వచ్చిన సన్నటి అమ్మాయి అప్పటివరకు ఆ సీజన్‌లో ఒక్కసారి కూడా బంతిని ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల మధ్య ఉన్న లోపలి మైదానం) దాటించలేదని తరువాత తెలిసింది. ఆ రోజు కొట్టింది. బంతి సెంటర్ ఫీల్డర్‌కూ రైట్ ఫీల్డర్‌కూ మధ్య నుంచి దొర్లుకుంటూ ఫెన్స్ దాకా పోయింది. ముందున్న రన్నర్ మూడో బేస్ మలుపు తిరుగుతుంటే, అక్కడి ఫీల్డర్ దారిలో నిలబడి ఉంది. ఇద్దరూ గుద్దుకున్నారు. నేను రెండు చేతులూ పైకెత్తి గట్టిగా “డెడ్ బాల్!” అన్నాను.

అంతే, మైదానం మొత్తం ఆగిపోయింది. కొట్టిన అమ్మాయి అప్పుడే రెండో బేస్ తాకింది. బంతి ఇంకా ఫెన్స్ దగ్గర గడ్డిలోనే ఉంది. ఆమె మూడో బేస్‌కు వెళ్లేది, బహుశా హోంకు కూడా వచ్చేది. నేను ఆటను చంపేశాను కాబట్టి ఆమె ఎంతదూరం వెళ్లేదో ఎవరూ చెప్పలేరు. గుద్దుకున్న అమ్మాయికి హోం ఇచ్చాను, ఈమెను రెండో బేస్‌లోనే ఉంచాను. హెల్మెట్ ముందున్న ఇనుప కడ్డీల వెనుక నుంచి ఆ పాప నన్నే చూస్తోంది. మోకాళ్ల మీద ఎర్రమట్టి, చేతులు ఇంకా పరుగుకు సిద్ధంగా వంచే ఉన్నాయి. వాళ్ల కోచ్ అరవలేదు. మెల్లగా వచ్చి “ఎందుకు ఆపారు?” అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తరువాతి బ్యాటర్ అవుటైంది, ఇన్నింగ్స్ ముగిసింది. ఆ పాప రెండో బేస్ మీద నుంచే డగౌట్‌కు నడిచి వెళ్లింది. నేను పిడికిలి చాచి ఉంటే ఆమె ఆ రోజు ఎంతదూరం పరుగెత్తేదో ఆమె కాళ్లే తేల్చేవి.

బంతిని ఆపడానికి తొందరపడవద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే. ఆటలో ఉన్న బంతి మీద తీర్పు తప్పితే, ఆట ముగిశాక ఇద్దరు అంపైర్లు పక్కకు వెళ్లి మాట్లాడుకుని సరిచేయవచ్చు. పొరపాటున ఆపేసిన బంతిని మళ్లీ బతికించలేం. అనుమానం ఉంటే నోరు మూసుకుని చూస్తూ ఉండండి. దీనికి ఒక్క మినహాయింపు ఉంది. పిల్లకు ముఖం మీదో తల మీదో దెబ్బ తగిలి వెంటనే చూడాల్సిన స్థితి కనిపిస్తే మరో ఆలోచన లేకుండా ఆపండి. రన్నర్లు ఎక్కడికి చేరేవారో అంచనా వేసి ఆ బేస్‌లు ఇచ్చే వీలు నియమాల్లోనే ఉంది.

అడ్డు విషయంలోనే దీనికి తిరగబడిన రూపం ఒకటుంది, దాన్ని కలపకండి. రన్నరే ఫీల్డర్‌కు అడ్డు వస్తే, ఉదాహరణకు దొర్లుతున్న బంతిని అందుకోబోతున్న షార్ట్‌స్టాప్‌ను గుద్దితే, అది ఇంటర్‌ఫియరెన్స్. అప్పుడు ఆలస్యం చేయకూడదు. ఆ క్షణమే డెడ్, ఆ రన్నర్ అవుట్. మిగతా రన్నర్లు అడ్డు జరిగినప్పటికి చివరిగా తాకిన బేస్‌కు వెళ్లాలి. ఫీల్డర్ అడ్డు వస్తే పిడికిలి, రన్నర్ అడ్డు వస్తే రెండు చేతులు. ఫీల్డింగ్ జట్టు తప్పు చేసినప్పుడు ఆటను వెంటనే ఆపితే, తప్పు చేసిన జట్టే లాభపడుతుంది. అందుకే అక్కడ ఆలస్యం పెట్టారు.

మీరు అడగకపోయినా త్వరలో ఎదురయ్యేవి మరికొన్ని ఉన్నాయి. పిచ్ బ్యాటర్‌కు తగిలితే వెంటనే డెడ్. పదేళ్ల పిల్లల పిచింగ్ దూరం 35 అడుగులే. బంతి చుట్టుకొలత 11 అంగుళాలు, చిన్నదే అయినా నొప్పి నొప్పే. పిల్ల ఏడుస్తుంటుంది, అందరూ ఆమె చుట్టూ చేరతారు. ఆ సందట్లో రెండో బేస్ రన్నర్ మూడో బేస్‌కు జరిగిపోతుంది. ఆమెను వెనక్కి పంపాలి. మొదటి బేస్ ఖాళీగా ఉండగా రెండో బేస్ రన్నర్‌కు కదిలే హక్కు లేదు. బ్యాటర్‌కు చోటివ్వడానికి తప్పనిసరిగా జరగాల్సినవారు మాత్రమే జరుగుతారు. నేలను తాకి లేచిన పిచ్ తగిలినా అదే నియమం. “చేతులు బ్యాట్‌లో భాగం” అని ఎవరైనా వాదిస్తే నమ్మకండి. బ్యాటర్ బ్యాట్ ఊపకుండా ఉన్నప్పుడు వేళ్లకు తగిలితే మొదటి బేస్ ఇవ్వాలి. ఊపుతూ ఉండగా వేళ్లకు తగిలితే డెడ్ బాల్, కానీ స్ట్రయిక్. అది మూడోదైతే అవుట్. పక్కకు తప్పుకోవడానికి బ్యాటర్ ప్రయత్నించి ఉండాలా అన్న విషయంలో పుస్తకాలన్నీ ఒకేలా లేవు. మీ లీగ్ పుస్తకంలో ఆ ఒక్క పేజీ ముందే చూసుకోండి.

ఫౌల్ బంతి (ఫౌల్ గీతల బయటికి కొట్టిన బంతి) నేల మీద పడితే డెడ్, రన్నర్లు వెనక్కి. ఫౌల్‌గా లేచిన బంతిని గాలిలో పట్టుకుంటే మాత్రం బంతి ఆటలోనే ఉంటుంది. రన్నర్లు బేస్‌ను తాకి ముందుకు వెళ్లవచ్చు. బ్యాట్ అంచుకు తగిలి నేరుగా క్యాచర్ గ్లవ్‌లోకి దూసుకెళ్లి నిలిచిన బంతి ఫౌల్ టిప్. అది స్ట్రయిక్ మాత్రమే, ఆట ఆగదు, పిచ్ పడుతుండగా పరుగెత్తి దొంగిలించిన బేస్ చెల్లుతుంది. చప్పుడు వినగానే “ఫౌల్” అని అరవడం కొత్త అంపైర్లకు అలవాటు. ఆ చప్పుడు తరువాత బంతి ఎక్కడుందో కళ్లతో చూసి అప్పుడు నోరు తెరవండి. ఇన్‌ఫీల్డ్ ఫ్లై (రన్నర్లు ఉండగా లోపలి ఫీల్డర్లు తేలికగా పట్టుకోగలిగేలా గాలిలోకి లేచిన బంతి) ప్రకటించినప్పుడు కూడా అంతే. బ్యాటర్ అవుట్, బంతి మాత్రం బతికే ఉంది. మన క్రికెట్ మనసు ‘అవుట్ కదా, అయిపోయింది’ అని అనేస్తుంది. ఆ సమయంలో పరుగెత్తి పాయింట్ తెచ్చుకున్న పిల్లను వెనక్కి పంపిన అంపైర్లను నేను చూశాను. పిచ్ చెయ్యి వదలకముందే బేస్ వదిలిన రన్నర్ విషయంలో దీనికి వ్యతిరేకం. అక్కడ వెంటనే డెడ్, ఆ పిచ్ లెక్కలోకి రాదు, ఆ రన్నర్ అవుట్.

ఇక ఎలా చెప్పాలన్నది. డెడ్ బాల్ అయినప్పుడు రెండు చేతులూ తలపైకి ఎత్తి, అరచేతులు ముందుకు తెరిచి, గొంతు చించుకున్నా పరవాలేదు, అవతలి ఫెన్స్ దాకా వినిపించేలా ఒక్కసారి అనండి. మీ తోటి అంపైర్ కూడా అదే క్షణంలో చేతులు ఎత్తాలి. ఒకరు ఎత్తి ఒకరు ఎత్తకపోతే సగం పిల్లలు ఆగుతారు, సగం పిల్లలు పరుగెత్తుతారు. బంతి గీత లోపల పడితే నోరు విప్పకండి, చేత్తో లోపలికి చూపించండి చాలు. ‘ఫేర్’ అన్నా ‘ఫౌల్’ అన్నా దూరం నుంచి ఒకేలా వినిపిస్తాయి. మళ్లీ ఆట మొదలుపెట్టేటప్పుడు పిచర్ సర్కిల్‌లో బంతితో ఉందా, క్యాచర్, బ్యాటర్ తమ చోట్లలో ఉన్నారా చూసి, పిచర్ వైపు చెయ్యి చూపించి “ప్లే!” అనండి. ఈ ఒక్క మాటను మరచిపోయే అంపైర్లు ఎక్కువ. అది వినపడలేదు కాబట్టే బంతి ఇంకా డెడ్‌గా ఉందని ఒక జట్టు, ఆట మొదలైందని ఇంకో జట్టు అనుకుంటాయి. పిల్ల “టైమ్” అని చెయ్యెత్తినంత మాత్రాన టైమ్ అయినట్టు కాదు. మీరు ఇచ్చినప్పుడే అవుతుంది. రన్నర్లు కదులుతున్నప్పుడు ఇవ్వకండి.

పిల్లలతో ఒక మాట నేను ప్రతి మ్యాచ్ ముందూ చెబుతాను. రెండు జట్లనూ గీత దగ్గర నిలబెట్టి, చేతులు పైకెత్తి చూపిస్తాను. “నా చేతులు ఇలా లేచేదాకా ఎవరు ఏమని అరిచినా ఆడుతూనే ఉండండి. అమ్మ అరిచినా, నాన్న అరిచినా, కోచ్ అరిచినా.” తరువాత పిడికిలి చాచి చూపించి, “ఇది చూస్తే కూడా ఆడుతూనే ఉండాలి” అంటాను. పిల్లలు నవ్వుతారు, కొందరు నాతోపాటు చేతులు ఎత్తుతారు. ఫెన్స్ అవతల కూర్చున్న పెద్దలకు కూడా వినిపించేలా అంటాను. అలా చెప్పిన రోజుల్లో అరుపులు తగ్గడం నేను గమనించాను.

చివర్లో మీరు రాసిన చిన్న ప్రశ్న: గీత లోపల పడిన బంతిని పొరపాటున ‘ఫౌల్’ అని అరిస్తే ఏం చేయాలి? పిల్లల ఆటలో ఆ బంతి ఫౌల్‌గానే మిగులుతుంది. మీ అరుపు విని ఫీల్డర్లు ఆగారు, రన్నర్లు నెమ్మదించారు. ఎవరు ఎక్కడికి చేరేవారో తిరిగి లెక్క కట్టలేం. బ్యాటర్‌ను ప్లేట్ దగ్గరకు పిలవండి, రన్నర్లను వాళ్ల బేస్‌లకు పంపండి. కొట్టిన జట్టు కోచ్ దగ్గరకు వెళ్లి “బంతి లోపల పడింది, తప్పు నాది, కానీ మార్చలేను” అని నేరుగా చెప్పండి. ఆయన కోపంగా ఏదో ఒకటి అంటాడు, అననివ్వండి. తరువాత ప్లేట్‌ను బ్రష్‌తో తుడిచి, పిచర్ సర్కిల్‌లోకి వచ్చేదాకా ఆగి, “ప్లే!” అనండి.